గేటెడ్ రివర్బ్ ఎనభైల వేషం కాదు

ఎలక్ట్రానిక్ సంగీతం చేసేవాళ్లలో ఒక మాట బాగా పాతుకుపోయింది. గేటెడ్ రివర్బ్ (మోగుతున్న గది మోతను గేటుతో మధ్యలోనే కోసేసే పద్ధతి) అంటే 1980ల సరుకనీ, సింథ్‌వేవ్ లాంటివి చేస్తే తప్ప స్నేర్ మీద వేయకూడదనీ, వేస్తే ట్రాకు పాతవాసన కొడుతుందనీ అంటారు. నేర్పేవాళ్లూ ఇదే చెబుతున్నారు, నేర్చుకునే కుర్రాళ్లూ ఇదే నమ్ముతున్నారు. ఈ నమ్మకం తప్పు. దీనివల్ల ఎన్నో మంచి ట్రాకులు డ్రమ్స్ దగ్గరే చతికిలపడుతున్నాయి.

అసలు ఆ శబ్దం ఎలా పుట్టిందో చూడండి. 1980లో వచ్చిన పీటర్ గాబ్రియెల్ మూడో ఆల్బమ్‌లో ‘ఇంట్రూడర్’ అనే పాట ఉంది. లండన్ టౌన్‌హౌస్ స్టూడియోలోని రాతిగోడల గదిలో ఫిల్ కాలిన్స్ డ్రమ్స్ వాయిస్తున్నాడు. గదిలోని వాద్యకారుల మాటలు ఇంజినీర్‌కు వినపడేందుకు ఎస్‌ఎస్‌ఎల్ కన్సోల్‌లో విడిగా ఒక మైకు ఏర్పాటు ఉండేది. మెల్లగా మాట్లాడినా వినపడాలని దానికి గట్టి కంప్రెషర్ పెట్టారు. ఆ మైకు తెరిచి ఉండగా డ్రమ్స్ మోగేసరికి గది మొత్తం మీదికి దూకినట్టు వినపడింది. ఇంజినీర్ హ్యూ ప్యాడ్‌ఘమ్ దాన్ని రికార్డు చేసే మార్గం చూసి, ఆ గది మోతను నాయిస్ గేటుతో ఠక్కున కోసేశాడు.

ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నాకు ముఖ్యమైన సంగతి మరొకటి. ఆ ఆల్బమ్‌లో సింబల్స్ వద్దని గాబ్రియెల్ పట్టుబట్టాడు. సింబల్ మోగుతూనే ఉంటే గేటు మూసుకోదు, మూసుకోకపోతే ఆ నిశ్శబ్దం రాదు. పైగా గేటు మూసుకుంటున్న తీరు వింటూ దానికి సరిపడే దరువు కాలిన్స్ వాయించాడు. అంటే గేటు ఆ దరువు కట్టుబడిలోనే ఉంది, చివర్లో అద్దిన రంగు కాదది.

ఇప్పుడు గేటు చేసే పని చూద్దాం. మామూలుగా పెద్ద గదిలో మోత ఎక్కువసేపు నిలుస్తుంది, చిన్న గదిలో త్వరగా చస్తుంది. గేటు ఈ లంకెను తెంపేస్తుంది. పెద్ద గది విస్తీర్ణాన్ని ఉంచుకుని దాని నిడివిని మాత్రం మన చేతికిస్తుంది. రాక్ బ్యాండు కన్నా ఎలక్ట్రానిక్ సంగీతానికే దీని అవసరం ఎక్కువ. డ్రమ్ మెషీన్ శబ్దానికి సొంత గది లేదు, గ్రిడ్ మీద ఖాళీ జాగా కూడా తక్కువ.

124 బీపీఎం హౌస్ ట్రాకు తీసుకోండి. ఒక బీటు సుమారు 484 మిల్లీసెకన్లు. రెండో బీటు మీద, నాలుగో బీటు మీద క్లాప్. ప్రతి క్లాప్ తర్వాత 242 మిల్లీసెకన్లకు ఓపెన్ హ్యాట్ పడుతుంది. క్లాప్‌కు రెండు సెకన్ల హాల్ రివర్బ్ ఇస్తే ఒక క్లాప్ మోత పూర్తిగా తగ్గకముందే తర్వాతి క్లాప్ వచ్చి పడుతుంది, అంతా బురదే. రివర్బ్‌ను 0.3 సెకన్లకు కుదిస్తే స్నానాలగదిలో చప్పట్లు కొట్టినట్టుంటుంది. అదే రెండు సెకన్ల రివర్బ్‌ను సెండ్ మీద ఉంచి, దాని తర్వాత గేటు పెట్టి, గేటు తెరుచుకునే సంకేతాన్ని పొడి క్లాప్ నుంచి ఇవ్వండి. హోల్డ్ 190, రిలీజ్ 30 మిల్లీసెకన్లు. క్లాప్ భారీగా మోగి, హ్యాట్ పడే క్షణానికి ముందే ఆగిపోతుంది. హ్యాట్ ఫేడర్‌ను ముట్టుకోకుండానే హ్యాట్ స్పష్టంగా పైకి తేలుతుంది. ఇందులో 1980ల వాసన ఎక్కడుంది?

ట్రాన్సియెంట్ షేపర్ ఉండగా ఇదంతా ఎందుకని అడుగుతారు. షేపర్ శాంపిల్‌లో ఉన్నదాన్ని పెంచగలదు, తగ్గించగలదు. లేని గదిని తెచ్చిపెట్టలేదు.

ఇంకో సంగతి. గేటెడ్ రివర్బ్‌ను ఈసడించేవాళ్లే జంగిల్ బ్రేకులకు చెవి కోసుకుంటారు. ది విన్‌స్టన్స్ 1969లో రికార్డు చేసిన ‘ఆమెన్, బ్రదర్’లో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన డ్రమ్ ముక్కను జంగిల్‌వాళ్లలా శాంప్లర్‌లో తరిగితే ఏమవుతుంది? ప్రతి స్నేర్ వెనకున్న గది మోత మధ్యలోనే తెగిపోతుంది. తెగిన ఆ గదే ఆ సంగీతానికి ఊపునిచ్చింది. టెక్నోలో కిక్‌కు రివర్బ్ పెట్టి, దాన్ని మళ్లీ అదే కిక్‌తో సైడ్‌చెయిన్ చేసి అణచడం కూడా ఈ కుటుంబంలోదే. మోత ఎప్పుడు ఉండాలో, ఎప్పుడు పోవాలో దరువే నిర్ణయిస్తోంది. వీటిని ఆధునికమనీ గేటెడ్ రివర్బ్‌ను పాతదనీ అనడంలో న్యాయం లేదు.

1980లలో అతి జరిగిన మాట నిజమే. ఏఎంఎస్ ఆర్‌ఎంఎక్స్16 లోని ‘నాన్‌లిన్’ ప్రోగ్రామ్, ఆ తర్వాత యమహా ఎస్‌పీఎక్స్90 లోని గేట్ ప్రీసెట్లు వచ్చాక పాట వేగం చూడకుండా ఒకే కొలతను ఎక్కడపడితే అక్కడ దించారు. నెమ్మదైన ప్రేమగీతంలో కూడా స్నేర్ వచ్చి గొంతు మీద కూర్చుంది. జనానికి వెగటు పుట్టింది, నింద మాత్రం గేటు నెత్తిన పడింది. కొలత చూసుకోని వాళ్ల తప్పది.

కాబట్టి కొత్తగా ట్రాకులు చేస్తున్నవాళ్లకు నా విన్నపం ఇది. ప్యాటర్న్ రాయడం మొదలుపెట్టకముందే గేటు పెట్టుకోండి. హోల్డ్‌ను మీ బీపీఎం నుంచి లెక్కగట్టండి, ప్రీసెట్‌కు వదిలేయకండి. ఆ నిశ్శబ్దంలో హ్యాట్‌నో బేస్‌నో పడనిచ్చి వినండి. అప్పటికీ నచ్చకపోతే నిరభ్యంతరంగా తీసేయండి, కానీ ఎవరో పాతదన్నారని మాత్రం తీయకండి.