గొంతుకు తగిన పెట్టె

గద్వాల సంస్థానానికి విద్వద్గద్వాల అని పేరు. తిరుపతి వేంకటకవులు గద్వాల, వనపర్తి ఆస్థానాలకు వచ్చి పద్యాలు చదివిన రోజుల్లో మైకులు లేవు. కవికి కంఠం ఉండేది, సభకు ఓపిక ఉండేది. ఈనాడు బజారులో భజన పెడితే ఒక పక్క ఆటోలు, మరొక పక్క జనరేటరు. అందుచేత అయిదుగురున్న మేళానికి కూడా ఓ స్పీకరు పెట్టె తప్పనిసరి అయింది.

నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు నాగర్‌కర్నూలు వైపు ఓ పల్లెలో కథలు పాడే మేళానికి హార్మోనియం వాయిస్తున్నాడు. కూలి డబ్బుల్లో తలా కొంత మిగిల్చి పెట్టె కొనబోతున్నారట. "ఎన్ని వాట్లది తీసుకోమంటారు సార్?" అని అడిగాడు. తెలుగు మేష్టరుకు వాట్లతో ఏం పని అనకండి. మాట వినిపించడం, వినిపించకపోవడం మా శాఖ వ్యవహారమే!

మొదటి సంగతి: అట్టపెట్టె మీద అచ్చువేసిన పెద్ద అంకెను నమ్మరాదు. అది తరచు క్షణకాలం పలికే శక్తి. నిలకడగా ఎంత పలుకుతుందో అడగాలి. వాట్లు రెట్టింపయితే ధ్వని పెరిగేది 3 డెసిబెళ్లే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి. ఆ డబ్బు మంచి మైకు మీద పెట్టడం మేలు.

రెండవది: ఆరుబయట దూరం రెట్టింపయినప్పుడల్లా ధ్వని 6 డెసిబెళ్ల చొప్పున తగ్గుతుంది. పెట్టెను నేలమీద పెడితే ముందు వరుసవారికి చెవిపోటు, వెనక వారికి గొణుగుడు. స్టాండు మీద తలల పైకి ఎత్తాలి. పాడేవారికి ముందుగా, జనం వైపు తిప్పి ఉంచాలి. వెనక పెడితే దాని ధ్వని మళ్లీ మైకులో దూరి, పాటకంటె ముందు కీచుమని కూత పెడుతుంది.

మూడవది: మైకులు ఎవరెవరికి కావాలో లెక్క చూసుకోవాలి. డప్పుకు మైకు దండగ. పాడేవారికి రెండు, హార్మోనియానికి ఒకటి. కిన్నెర ఉంటే దానికి తప్పక ఒకటి. దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చాక పన్నెండు మెట్ల కిన్నెర పేరు దేశమంతా తెలిసింది గాని, దాని సన్నని పలుకు డప్పు పక్కన ఇప్పటికీ మునిగిపోతూనే ఉంది. సొరబుర్రకు దగ్గరగా మైకు పెడితే బతుకుతుంది. అంటే నాలుగు మైకులు తగిలించే వీలున్న పెట్టె చాలు. బ్యాటరీతో నడిచేది, ఒక మనిషి బస్సెక్కించగలిగేది అయితే మరీ మంచిది.

చట్టం సంగతి కూడా మరువరాదు. 2000 నాటి నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకరుకు వ్రాతపూర్వకమైన అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట వాడరాదు. పండుగలకు ప్రభుత్వం ఇచ్చే సడలింపు ఏడాదికి 15 రోజులకు మించదు, అదీ అర్ధరాత్రి వరకే.

కుర్రవాడికి చివరగా ఒకటే చెప్పాను. దుకాణానికి మీ మేళంలో పెద్దాయన్ని వెంట తీసుకువెళ్లు. ఆయన చేత సినిమా పాట కాదు, మీ కథే పాడించు. నువ్వు వీధి చివర నిలబడి విను. రాగం వినిపించి మాట తెలియకపోతే, ఎన్ని వాట్లయినా ఆ పెట్టె మీది కాదు. కథ చెప్పేవాడి మాట జనానికి అందకపోతే, మరుసటి ఏడు పిలుపు కూడా అందదు.