బాస్ లేని ఊళ్ళో బాస్ రాడ్లు

ముందుగా ఒక మనవి. ఇక్కడ బాస్ అంటే శుక్రవారం సాయంత్రం ఆరింటికి "చిన్న పనుంది" అంటూ మన సీటు దగ్గరికొచ్చే మనిషి కాదు :) ఉత్తర అమెరికాలో ఉండే ఓ మంచినీటి చేప. దాన్ని పట్టడానికి అక్కడివాళ్ళు ఒక్కో లూర్‌కి, అంటే ఒక్కో రకం ఉత్తుత్తి ఎరకి, ఒక్కో రాడ్ చొప్పున తయారుచేసి దాన్నో శాస్త్రం చేసి కూర్చున్నారు. ఆ శాస్త్రంతో నాకేం పేచీ లేదు. మనవాళ్ళు దాన్ని వాడే తీరుతోనే నా గొడవంతా.

మా టీములో ఒకతను వీడియోలు చూసి చూసి ఐదు కాస్టింగ్ రాడ్లు తెప్పించాడు. "మీ అనకాపల్లి దగ్గర కొండకర్ల ఆవ ఉందటగా, తీసుకెళ్ళు" అని నా ప్రాణం తీస్తున్నాడు. పక్క సీటాయన ఇదంతా విని, "ఎందుకయ్యా ఇన్ని? ఏ కర్రైనా ఒకటే, రాసిపెట్టుంటే చేప అదే పడుతుంది" అని తేల్చేశాడు.

నన్నడిగితే ఇద్దరిదీ తప్పే. మొదటివాడు రిక్వైర్‌మెంట్ చదవకుండా ఎవరిదో కోడ్ తెచ్చి అతికించే రకం. రెండోవాడు అసలు రిక్వైర్‌మెంటే అక్కర్లేదనే రకం. ఈ ఇద్దరి తర్వాత ఆ ప్రాజెక్టులోకి వెళ్ళినవాడి గతేమిటో మీకు నేను చెప్పాలా?

ముందు ఆ ఐదు రాడ్ల సంగతి చూద్దాం. రాడ్ మీద రెండు మాటలుంటాయి, పవర్, యాక్షన్ అని. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. పవర్ అంటే రాడ్ వంగడానికి ఎంత బలం కావాలన్నది. యాక్షన్ అంటే ఎక్కడ వంగుతుందన్నది. కొస మాత్రమే వంగితే ఫాస్ట్, నడుం దాకా వంగితే మోడరేట్.

క్రాంక్‌బైట్‌కి చిన్న చిన్న మూడు ముళ్ళ గేలాలుంటాయి. దాన్ని లాక్కొస్తుండగా చేప అందుకుంటుంది. గట్టి రాడ్‌తో గుంజారా, ఆ చిన్న ముల్లు నోరు చీల్చుకుని బయటికొచ్చేస్తుంది. అందుకని దానికి మీడియం పవర్, మోడరేట్ యాక్షన్. జిగ్ కింద నేల మీద పాకుతుంది, లావుపాటి ఒంటి గేలం. చిన్న తాకిడి కూడా చేతికి తెలియాలి, వెంటనే గట్టిగా దిగెయ్యాలి. కాబట్టి మీడియం హెవీ లేదా హెవీ, ఫాస్ట్. స్పిన్నర్‌బైట్ ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది. ఏడు గ్రాముల లోపు తేలిక లూర్లకైతే మామూలు కాస్టింగ్ రాడ్ కన్నా స్పిన్నింగ్ రాడ్డే హాయి. చూశారా, ఇందులో మంత్రమేం లేదు, ప్రతిదానికీ ఒక కారణముంది. "ఏ కర్రైనా ఒకటే" అనే పెద్దమనిషికి నా జవాబు ఇదే.

ఇప్పుడు ఐదు రాడ్లవాడి సంగతి. బాబూ, కొండకర్లలో బాస్ లేదు. తూర్పు కనుమల కొండల మధ్య తామరాకులు, గుర్రపుడెక్క, రెల్లు నిండిన ఆవ అది. మూడు ముళ్ళ క్రాంక్‌బైట్ అక్కడ వేస్తే పడేది చేప కాదు, తామర కాడ. మన లూర్ల కోసం ఆ నీళ్ళలో మీదపడే చేప కొర్రమీను. అది నీళ్ళలోనే కాదు, పైకొచ్చి గాలి కూడా పీల్చుకుంటుంది, ఆకుల సందుల్లో మాటేసి కప్ప కనబడితే ఎగిరి పట్టుకుంటుంది. దానికి సరిపడే లూర్ రబ్బరు కప్ప. దాని గేలం ముళ్ళు రెండూ పైకి తిరిగి ఒంటికి ఆనుకుని ఉంటాయి, అందుకే ఆకుల మీద చిక్కుకోకుండా జారుతుంది. చేప నోరు మూశాక కప్ప నలిగితేనే ముల్లు బయటపడుతుంది. దిగిన మరుక్షణం చేపని ఆకుల మీదికి ఈడ్చెయ్యాలి, లేదంటే అది కాడల్లోకి దూరి చుట్టేసుకుంటుంది. ఈ పనికి కావలసింది హెవీ పవర్, ఫాస్ట్ యాక్షన్, సాగని అల్లిక దారం యాభై పౌండ్లది, అంటే దాదాపు 23 కిలోలది. పొడుగు ఏడడుగులు మించొద్దు. ఎందుకంటే రెండు తాటి దోనెలు జోడించి కట్టిన పడవలో నీటికి జానెడెత్తులో కూర్చుని ఉంటారు మీరు. అంతకన్నా పొడుగైతే కప్పని ఆడించేటప్పుడు రాడ్ కొస నీళ్ళు కొడుతుంది. మొత్తం మీద ఒక్క రాడ్. ఐదు కాదు.

ఇదంతా ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ తప్పు నేనే చేశాను. వానలు తగ్గాక ఒకసారి ఇంటికెళ్ళినప్పుడు నా దగ్గరున్న మీడియం రాడ్, పన్నెండు పౌండ్ల నైలాన్ దారం పట్టుకుని ఆవకి వెళ్ళాను. "ఒక్కరోజుకేముందిలే" అనుకున్నాను. మూడోసారి వేసేసరికి కప్పని మింగింది. రాడ్ విల్లులా వంగింది, చూడ్డానికి భలే ఉంది. ఆ వంగడంలోనే చేప కాడల్లోకి దూరింది. టప్పుమని దారం తెగింది.

దోనె నడిపే పెద్దాయన అటే చూస్తూ, "తెంపేసినావేటి బాబూ? గేలం దాని నోట్లోనే ఉండిపోనాది గదా. అదింక తింటాదా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. అప్పుడాయన అరచెయ్యి చాపాడు. బొటనవేలి కింద పొడుగాటి మచ్చ. "ఎవులో వొగ్గీసిన గేలమే. గుర్రపుడెక్క లాగుతుంటే దిగిపోనాది" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆ తెగిన దారం ఇప్పటికీ ఆ కాడల్లోనే ఉండుంటుంది. నైలాన్ ఓ పట్టాన కుళ్ళదు. చలికాలం ఎక్కడెక్కడి నుంచో వచ్చే పిట్టలు ఆ ఆకుల మధ్యే తిరుగుతాయి. మనం సరదాకి వేసి తెంపుకొచ్చేసినదాన్ని తరవాత కాళ్ళతోనో చేతులతోనో వెతికిపెట్టేది వేరేవాళ్ళు. అందుకే రాడ్ ఎంపికని సొంత రుచి అంటే నేనొప్పుకోను.

"మరి మీ తాతలు వెదురుకర్రతో పట్టలేదా?" అంటారు. పట్టారు. ఎలా పట్టారో కూడా చూడాలి. లావుపాటి వెదురు, దాదాపు కర్రంత పొడుగే తాడు, అదీ పురికొసంత మందం. దూరం విసరడాల్లేవు. ఆకుల మధ్య కన్నంలోకి కప్పని దించడం, పట్టగానే నిలువునా పైకెత్తెయ్యడం. అంటే ఆ చోటుకి, ఆ ఎరకి, ఆ చేపకి సరిగ్గా తూగే హెవీ రాడ్డే వాళ్ళు వాడారు. కేటలాగ్ లేకుండానే వాళ్ళు చేసిన ఎంపిక, కేటలాగ్ పెట్టుకుని మనం చెయ్యలేకపోతున్నాం!

ఇంకో మాట కూడా విన్నాను, "బాస్ పిల్లల్ని తెచ్చి మన చెరువుల్లో వదిలితే పోలా?" అని. నవ్వులాటకే కావచ్చు. కానీ జపాన్‌లో 1925లో ఆషీ సరస్సులో నిజంగానే వదిలారు. అది దేశమంతా పాకి సొంత చేపల్ని తినేస్తుంటే, 2005లో చట్టం పెట్టి దాన్ని పెంచడం, తరలించడం, వదలడం నిషేధించాల్సొచ్చింది. చెరువుని బట్టి రాడ్ మార్చుకోవాలి గానీ, రాడ్ కోసం చెరువుని మారుస్తామంటే ఎలా?

చివరగా, సరైన రాడ్ ఉన్నంత మాత్రాన హక్కు వచ్చేసినట్టు కాదు. ఆవ మీద బతికే కుటుంబాలున్నాయి. ముందు అడగండి, వద్దంటే సంచీ విప్పకండి. నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు కదులుతూ కనిపిస్తే కిందనే తల్లో తండ్రో కాపలా ఉంటుంది. కప్ప ఏది వేసినా ఆకలితో కాదు, పిల్లల్ని కాపాడుకోడానికి మీదపడుతుంది. అప్పుడు పట్టడం గొప్ప కాదు, దాన్ని తీసేస్తే ఆ పిల్లలన్నీ మిగతా చేపలకి పలహారం.

మా టీమువాడికి నాలుగు రాడ్లు అమ్మెయ్యమని చెప్పాను. అలిగాడు. హెవీ రాడ్ ఒక్కటి పట్టుకొస్తే మాత్రం వచ్చే నెల నేనే దగ్గరుండి తీసుకెళ్తాను. పెద్దాయన దోనెలోనే, ఆయన సరేనంటేనే.