కుదువకు వచ్చిన గాజులు

ఒక సాయంత్రం అస్ర్ నమాజు ముగిశాక మా మదరసా వరండాలోకి ఒక తల్లి, ఆమె కుమారుడు వచ్చారు. ఆ అబ్బాయి చిన్ననాడు మా వద్దనే ఖురాన్ పఠనం నేర్చుకున్నాడు. ఇప్పుడు ఇంజినీరింగ్ పూర్తిచేశాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ బడిలో తెలుగు మాధ్యమంలో చదివే పిల్లల కోసం ఒక యాప్ తయారుచేస్తున్నాడు. పిల్లవాడు వాక్యాన్ని పైకి చదివితే ఫోన్ విని తప్పొప్పులు చెబుతుంది. పని సగమైంది. మిగిలిన సగానికి డబ్బు కావాలి.

తల్లి సంచిలోంచి చిన్న డబ్బా తీసి మా ముందు పెట్టారు. అందులో రెండు జతల గాజులు. "మౌలానా సాబ్, వీటిని కుదువపెట్టి అప్పు తెస్తానంటున్నాడు. వడ్డీ అంటే నాకు భయం. బిడ్డ పని మధ్యలో ఆగిపోతుందన్నా భయమే. మీరే దారి చెప్పండి" అన్నారు.

మా చదువు కితాబులది. వ్యాపార పథకాల సంగతి మాకు తెలియదు. ఆ మాటే ఆమెకు చెప్పి, కొంత గడువు అడిగాము. ఆ తర్వాత అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకొని ప్రభుత్వ మార్గదర్శకాలను చదివించుకొని విన్నాము. ఇటువంటి కొడుకులు, కూతుళ్లు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు గనుక, తెలుసుకున్నది పాఠకుల ముందు ఉంచుతున్నాము.

కేంద్ర ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకాన్ని ప్రారంభించింది. దానికి కేటాయించిన మొత్తం 945 కోట్ల రూపాయలు. ఆలోచన దశలో ఉన్న చిన్న సంస్థకు బ్యాంకు అప్పు దొరకడం కష్టం. తాకట్టుకు ఆస్తి ఉండదు, చూపడానికి లాభం ఉండదు. ఆ తొలి దశలో ఆదుకోవడమే ఈ పథకం ఉద్దేశం. ప్రాధాన్యమిచ్చే రంగాలలో విద్య కూడా ఒకటి.

ప్రభుత్వం ఈ సొమ్మును నేరుగా ఇవ్వదు. ఇంక్యుబేటర్లు అనే సంస్థల ద్వారా ఇస్తుంది. గుడ్లను పొదిగే పెట్టెకు ఉన్న పేరే వీటికీ పెట్టారు. పేరుకు తగినట్లే ఇవి కొత్త సంస్థలకు చోటు, సలహా, పరిచయాలు ఇచ్చి నిలబెడతాయి. దరఖాస్తుదారుడు తన ఇష్టక్రమంలో మూడు ఇంక్యుబేటర్లను ఎంచుకోవచ్చు. అవసరం ఏమిటి, పని సాధ్యమేనా, ఎవరికి మేలు జరుగుతుంది, కొత్తదనం ఏమిటి, బృందం సమర్థమైనదా, డబ్బు ఎలా ఖర్చు చేస్తారు అనే ప్రశ్నలతో నిపుణుల సంఘం దరఖాస్తును తూచుతుంది.

అర్హతలు కూడా చెప్పుకోవాలి. సంస్థకు పరిశ్రమలు, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక విభాగం నుంచి స్టార్టప్‌గా గుర్తింపు ఉండాలి. దరఖాస్తు నాటికి స్థాపించి రెండేళ్లు మించకూడదు. వాటాలలో కనీసం 51 శాతం భారతీయుల చేతిలో ఉండాలి. కేంద్ర, రాష్ట్ర పథకాల నుంచి అప్పటికే 10 లక్షలకు మించి ఆర్థిక సాయం పొంది ఉండకూడదు. ఈ రెండేళ్ల నియమాన్ని మన పిల్లలు గమనించాలి. ఉత్సాహంతో ముందే కంపెనీ నమోదు చేయించి, పని మొదలుపెట్టకుండా కాలం గడిపితే అర్హత చేజారిపోతుంది.

ఇక ఆ తల్లి భయానికి జవాబు. ఈ పథకంలో సాయం రెండు విధాలు. మొదటిది, ఆలోచనను రుజువు చేసుకోవడానికి, నమూనా తయారీకి, పరీక్షలకు 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు. అది తిరిగి కట్టవలసినది కాదు. దాని మీద వడ్డీ లేదు, తాకట్టూ లేదు. రెండవది, వస్తువును మార్కెట్‌లోకి తీసుకువెళ్లడానికి 50 లక్షల వరకు ఇచ్చేది. అది అప్పుగానో, వాటాగా మారే డిబెంచర్ల రూపంలోనో ఉంటుంది. అప్పుగా ఇస్తే రెపో రేటుకు మించని వడ్డీ ఉండవచ్చునని మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఒకే పథకం, ఒకే పేరు. అయినా ఒక కాగితం మీద సంతకానికీ మరో కాగితం మీద సంతకానికీ ఎంత తేడా! మొదటి దానిలో మాకు అభ్యంతరం కనిపించలేదు. రెండవ దానికి వెళ్లేముందు ఒప్పంద పత్రాన్ని పూర్తిగా చదివి, వ్యవహారం తెలిసిన ముఫ్తీకి చూపించి అడగమన్నాము. 'ప్రభుత్వ సాయం' అన్న ఒక్క మాట విని రెంటినీ ఒకే గాటన కట్టరాదు.

గ్రాంటు తిరిగి కట్టనక్కరలేదని విన్నప్పుడు అబ్బాయి ముఖం వెలిగింది. ముందుగా మంచి ఆఫీసు ఒకటి ఏర్పాటు చేసుకోవాలన్నాడు. అక్కడే మేము ఆపవలసి వచ్చింది. ఆ సొమ్ము ఒక్కసారిగా చేతికి రాదు. ఒప్పుకున్న పనిలో ఒక్కో మెట్టు పూర్తయ్యేకొద్దీ వాయిదాలుగా వస్తుంది. వసతుల నిర్మాణానికి వాడరాదని నియమమే ఉంది. నియమం లేకపోయినా మనకు మరొక లెక్క ఉంది. కూలి మనిషి కొనే సబ్బుబిళ్ల మీద, టీ పొడి మీద కట్టిన పన్ను కూడా ఆ ఖజానాలో చేరింది. "బేటా, అది నీ చేతిలో అమానతు. తిరిగి కట్టనక్కరలేనిదే గాని, లెక్క చెప్పనక్కరలేనిది కాదు" అన్నాము.

చదువు పేరిట వచ్చిన డబ్బు దారి తప్పితే ఏమవుతుందో మన దేశం ఇటీవలే చూసింది. బైజూస్ సంస్థకు ప్రైవేటు పెట్టుబడిదారులు కోట్లకు కోట్లు పోశారు. కోర్సులు అమ్మడానికి తల్లిదండ్రులను ఒత్తిడి చేస్తున్నారన్న ఆరోపణలపై 2022 డిసెంబరులో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఆ సంస్థ అధిపతికి సమన్లు పంపింది. 2024 జూలైలో దివాలా ప్రక్రియ మొదలైంది. అమ్మకం వేగం పుంజుకున్నచోట, పిల్లవాడు నేర్చుకున్నాడా అన్న ప్రశ్న వెనుకబడుతుంది.

అమెరికాలో ఈ ప్రశ్నను నిధుల విధానంలోనే ఇమిడ్చారు. 1982 నాటి చట్టం ప్రకారం అక్కడి ప్రభుత్వ శాఖలు పరిశోధనా నిధుల్లో కొంత భాగాన్ని చిన్న సంస్థలకు కేటాయించాలి. విద్యాశాఖ కూడా అలాగే ఇచ్చింది. తొలి దశలో చిన్న మొత్తంతో నమూనా చేసి చూపాలి. అది నిలిస్తేనే రెండవ దశలో పెద్ద మొత్తం వస్తుంది, దానితో బడులలో పరీక్షించాలి. మూడవదైన అమ్మకం దశకు ఈ పథకం సొమ్ము ఇవ్వదు.

మరి మన అబ్బాయి యాప్‌ను పరీక్షించేదెక్కడ? మా మదరసాలోనే మొదలుపెట్టమన్నాము. తల్లిదండ్రుల అనుమతితో పదకొండు మంది పిల్లలను కూర్చోబెట్టాము. మూడవ రోజున ఒక చిన్నపాప 'పళ్లు' అన్న మాటను 'పల్లు' అని చదివింది. ఫోన్ తప్పు అన్నది. మళ్లీ చదివింది, మళ్లీ తప్పు అన్నది. మూడవసారి ఆ పాప ఫోన్ పక్కన పెట్టి గోడవైపు తిరిగి కూర్చుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లల నాలుకకు 'ళ' ఆలస్యంగా వస్తుంది. ఆ పాపకు అక్షరం తెలుసు, మాట తెలుసు, అర్థమూ తెలుసు. పలుకు ఒక్కటే రాలేదు. ఆ పిల్లల కోసమే తయారైన యాప్ ఆ పిల్లలనే తరిమేస్తోంది.

అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు. అదే అక్షరం దగ్గర ఇన్నేళ్లలో ఎందరు పిల్లలను గద్దించామో మాకు గుర్తుకు వచ్చింది.

దరఖాస్తులో అతడు ఈ సంగతి దాచలేదు. ఇటువంటి పిల్లల గొంతులను, తల్లిదండ్రుల సమ్మతితో, రికార్డు చేసి యాప్‌కు వినిపించడమే మొదటి పని అని, దానికి ఇంత ఖర్చు అని రాశాడు. ఒక ఇంక్యుబేటర్ తిరస్కరించింది. మరొకటి మాట్లాడడానికి పిలిచింది. ఫలితం ఇంకా రాలేదు.

పాఠకులకు మా మనవి ఇదే. మీ అబ్బాయో అమ్మాయో ఇటువంటి ఆలోచనతో వస్తే, నగల వైపు చూడకముందు స్టార్టప్ ఇండియా పోర్టల్‌లో ఆనాటికి అమలులో ఉన్న నియమాలు చూడండి. గడువులు, షరతులు మారుతూ ఉంటాయి. దరఖాస్తుకు రుసుము లేదు గనుక, మంజూరు చేయిస్తామని డబ్బు అడిగే మధ్యవర్తులను నమ్మకండి. మీరు ఉపాధ్యాయులైతే మీ తరగతి తలుపు తెరవండి. యాప్ ఎక్కడ తప్పుతోందో చెప్పగలిగేది మీ పిల్లలే.

పోయిన వారం ఆ తల్లి మళ్లీ వచ్చారు. దువా చేయమని అడిగారు. గాజులు చేతికే ఉన్నాయి.