కాగితం గౌన్లు సరే, వెదురు లెక్క ఎవరు చెప్పాలె?

పోస్టు కొంచెం పొడుగున్నది, ఓపికతోని చదువుండ్రి. చదివి తిట్టినా పర్వాలేదు, చదవకుండ లైక్ మాత్రం కొట్టకుండ్రి.

కాలేజీ డే వచ్చినా, జూన్ 5 పర్యావరణ దినం వచ్చినా మన దిక్కు ఒక ఐటం ఖాయమైపోయింది. పాత న్యూస్ పేపర్లు, నిరుటి నోటుబుక్కులు, అట్టపెట్టెలు కోసి, అతికించి గౌన్లు చేసుడు. అవి తొడిగి హాస్టల్ పిల్లలను స్టేజీ మీద నడిపించుడు. వెనుక బ్యానర్ మీద రీసైకిల్డ్ పేపర్ ఫ్యాషన్ షో అని పెద్ద అక్షరాలు. ముందు వరుసల కూసున్న పెద్దమనుషులు చప్పట్లు కొడ్తరు, ఫోటోలు దిగుతరు. కథ అయిపోయింది.

ఆ స్టేజీ మీద నడిచిన చెల్లెళ్ళను, తమ్ముళ్ళను నేను ఒక్క మాట అనను. రాత్రిళ్ళు మేలుకోని కాగితాన్ని మడత పెట్టి కుచ్చిళ్ళు తీసిన చేతులు అవి. ఆ పనితనం నిజం. నా కొట్లాటంత ఆ పనితనాన్ని తీసుకపోయి ఒక అబద్ధానికి అతికించినోళ్ళతోని.

అబద్ధం ఆ బ్యానర్ మీదనే మొదలైంది. కాగితం రీసైకిల్ అయ్యుడంటే ఏందో తెలుసుకుందాం. పాత కాగితాన్ని నీళ్ళల్ల నానబెట్టి, గుజ్జు చేసి, పిన్నులు, సిరా తీసేసి, జల్లెడ మీద పల్చగ పరిచి ఆరబెడితే మళ్ళ కాగితం అయితది. తిప్పినకొద్ది దాని నార పొట్టిగైతది, అందుకే అయిదు నుంచి ఏడుసార్ల కంటే ఎక్కువ తిరగదు. అయితే ఆ కాగితం శుభ్రంగ ఉండాలె. ఫెవికాల్, సెల్లోటేపు, గ్లిట్టర్, స్ప్రే రంగు అంటిన కాగితాన్ని స్క్రాప్ దుకాణపాయన కూడ ముట్టడు.

ఇప్పుడు లెక్క చూడుండ్రి. నిరుటి నోటుబుక్కులు తూకానికి అమ్మితే అవి మిల్లుకు పోయి మళ్ళ కాగితం అయితయి. అదే గౌను చేస్తే పది నిమిషాలు స్టేజీ మీద, తెల్లారి చెత్తకుండిల, ఆ సాయంత్రం మంటల. అంటే రీసైకిల్ కావాల్సినదాన్ని ఆపి తగలబెట్టి, దానికే రీసైకిల్ అని పేరు పెట్టుకున్నం.

కాగితం గౌను ఫ్యాషన్ అయిందే పారేసే అలవాటు కోసం. 1966ల అమెరికాల స్కాట్ పేపర్ అనే కంపెనీ తన టిష్యూలు, నాప్కిన్ల ప్రచారానికి 1.25 డాలర్లకు ఒక కాగితం గౌను అమ్మింది. ఏడాది తిరగకముందే 5 లక్షల దాక అమ్ముడుపోయినయి. కొన్నిసార్లు తొడిగి పారెయ్యొచ్చు అన్నదే దాని గొప్ప. దానికంటే శానా ముందు జపాన్ల చెట్టు బెరడు నారతోని గట్టి కాగితం చేసి, దాన్ని బట్టలెక్క కుట్టుకోని చలికి తొడుక్కున్నరు. కామికో అంటరు. అది బతుకుకు పనికొచ్చిన కాగితం బట్ట. మన స్టేజీ మీదికి వస్తున్నది అమెరికా గౌను, దానికి తగిలిస్తున్నది పొదుపు అనే బోర్డు.

ఇంకో సంగతి. వృథా చెయ్యొద్దని పాఠం ఎవరికి చెప్తున్నరు? ఇప్ప పువ్వు ఏరుకోని, ఇప్ప గింజల నూనె తీసుకోని, మోదుగాకుల విస్తరి కుట్టుకోని, సొరకాయ బుర్రల నీళ్ళు పోసుకున్న ఇండ్ల పిల్లలకా? మన ఇంట్ల వెదురు ముందు బుట్ట అయితది, బుట్ట పాతదైతే పెంటకు అయితది, ఆఖరుకు పొయ్యిల పడ్తది. బెల్లంపల్లి ఏరియా ఖైరిగూడ ఓపెన్ కాస్టు దిక్కు పోయి చూస్తే బొగ్గు కోసం తవ్విపోసిన మట్టి గుట్టలు కనపడ్తయి. ఈ బొగ్గు బెల్టుల వృథా గురించి మాట్లాడాలంటే ఆడికెళ్ళి మొదలుపెట్టాలె. ఆ గుట్టను ఏ గౌనుల మడత పెడ్తరు?

ఇగ అసలు ముచ్చటకొస్త. ఆ స్టేజీ మీద ఎవ్వరూ చెప్పనిది, మన దిక్కు కాగితం యాడికెళ్ళి వచ్చింది అనేది.

బెల్లంపల్లిల రైలెక్కి కాజీపేట వైపు కాకుండ పైకి పోతే, ఆసిఫాబాద్ రోడ్ దాటినంక కాగజ్‌నగర్ వస్తది. ఊరి పేరులనే కాగితం ఉన్నది. సిర్పూర్ పేపర్ మిల్లు 1938ల పెట్టిన్రు, 1942ల కాగితం తీసుడు మొదలైంది. మొదట్ల దాని ముడిసరుకు మన అడవి వెదురు. ఈ రెండు సంవత్సరాల నడుమ 1940 ఉన్నది. జోడేఘాట్ల కొమురం భీమ్‌ను కాల్చి చంపిన సంవత్సరం. అడవిల దున్నుకుంటే, పశువులు మేపితే మనోళ్ళ మీద కేసులు, జరిమానాలు పడ్డ కాలంలనే అదే అడవి వెదురు మిల్లుకు దారి పట్టింది. మిల్లు 2014ల మూతపడ్డది, 2018ల జేకే పేపర్ చేతికి పోయి మళ్ళ తెరుచుకున్నది. మూతపడ్డప్పుడు కార్మికుల గోస అందరం చూసినం. వెదురు నరికిన చేతుల గోస గురించి మాత్రం ఎవ్వరూ అడగలె.

2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తి అని స్పష్టంగ రాసింది. దాని మీద హక్కు అడవిని నమ్ముకున్నోళ్ళది. ప్రాణహిత అవతల గడ్చిరోలి జిల్లాల మెండా లేఖ అనే గోండు ఊరు దీన్ని పట్టుకోని కొట్లాడింది. 2011 ఏప్రిల్ల అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ ఊరికొచ్చి, వెదురు రవాణా పాసుల పుస్తకాన్ని గ్రామసభ చేతిల పెట్టిండు. మన నది అవతలి ఒడ్డు కథ ఇది. కాగితం గౌను తొడిగిన మన పిల్లల్ల ఎంతమందికి ఇది చెప్పిన్రు?

మూడోది, నాకు అన్నిటికంటే మంటబెట్టేది. షో ఆఖరుకు ట్రైబల్ రౌండ్ అని ఒకటి పెడ్తున్నరు. న్యూస్ పేపర్ కోసి నెమలీకల టోపీ, కాగితం ఆకుల లంగా. గుస్సాడీ కిరీటం దండారి రోజుల్ల నియమంతోని పెట్టుకునేది, దేవునితోని సమానంగ చూసేది. మార్లవాయి కనక రాజు తాతకు 2021ల పద్మశ్రీ ఇచ్చింది ఆ ఆటకు. దాన్ని పాత పేపర్ల టోపీ చేసి ర్యాంప్ మీద ఊపుకుంట నడిపిస్తే మన పెద్దలకు ఏమనిపిస్తదో ఒక్కసారి అడగాలె గదా.

స్టేజీ భయం పోతది గదా అన్నా, ధైర్యం వస్తది గదా అంటరు. నిజమే, వస్తది. కాదనను. అయితే ధైర్యంతోపాటు పని కూడ నేర్పుండ్రి. కొలత తీసుడు, కత్తిరించుడు, మిషను కుట్టుడు నేర్పితే ఆ పిల్ల రేపు బతుకుతది. సిరిసిల్లల గిరిజన గురుకులాల ఫైన్ ఆర్ట్స్ అకాడమీ పెట్టిన్రు, ఫ్యాషన్ డిజైన్ డిగ్రీ కోసం. గౌన్లు ఇంత మంచిగ చేసిన పిల్లకు ఆ దారి చూపెట్టినోళ్ళు ఎవరన్న ఉన్నరా?

అందుకే షో బందు పెట్టుమని నేను అంటలేను. పెట్టేటోళ్ళను ఇవి అడుగుదాం:

1. గమ్ము, రంగుల ఖర్చు పిల్లల కాస్మొటిక్ చార్జీలకెళ్ళి కాకుండ కార్యక్రమం పెట్టేటోళ్ళే భరించాలె. ఇష్టం లేని పిల్లను బలవంతం చెయ్యొద్దు.

2. గ్లిట్టర్, టేపు బందు. మైదా జిగురు, దారం కుట్టు చాలు. షో అయినంక ఆ గౌన్లనే నానబెట్టి, పిల్లల చేతులతోని కాగితం తీయించాలె. అప్పుడు బ్యానర్ మీది మాట నిజమైతది.

3. ఆదివాసీల పూజకు సంబంధించినవి ర్యాంప్ మీదికి రావొద్దు. అనుమానముంటే ఊరి పటేల్‌ను అడగాలె.

4. ఆ రోజు వెదురు బుట్టలల్లే కొలాం అక్కలను, అన్నలను పిలవాలె. కూలి ఇచ్చి, స్టేజీ మీద కుర్చీ వేసి, వాళ్ళతోని పని చూపించాలె.

5. ఒక్క పిల్లనన్నా మైకు పట్టుకోని వెదురు నుంచి కాగితం దాక కథ చెప్పాలె, అటవీ హక్కుల చట్టంతోసహా.

మీ హాస్టల్ల, మీ కాలేజీల ఈసారి షో ఉన్నదని తెలిస్తే ఈ అయిదు ముచ్చట్లు రాసి ప్రిన్సిపాల్ సార్‌కో, వార్డెన్ మేడంకో మర్యాదగ ఇయ్యుండ్రి. ఒక్కరు ఇస్తే పక్కన పెడ్తరు, ఇరవై మంది సంతకాలు పెట్టి ఇస్తే చదువుతరు. ఏం జవాబు వచ్చిందో ఇక్కడ కామెంట్ల రాయండి.

జై సేవా.