నవ్వినోళ్లకి లెక్క చూపిద్దాం



మా అమ్మ సంతలో జీడిపప్పు అమ్ముతానంటే మా కొండ ఊళ్లో అందరూ నవ్వారు. "పలాసలో అన్ని ఫ్యాక్టరీలుండగా నీ పప్పు ఎవులు కొంటారే?" అన్నారు. అడగడం తప్పు కాదు. భయపడి మానేస్తేనే తప్పు.

80 కిలోల పిక్కల బస్తా కాల్చి, కొట్టి, పొర తీస్తే ఇంచుమించు 20 కిలోల పప్పు వస్తుంది. పిక్కలుగానే అమ్మేస్తే ఆ కూలీ, లాభమూ రెండూ కొండ దిగిపోతాయి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను జీడితోటల్ని కూల్చేసినప్పుడు "ఉద్దానం పని అయిపోయింది" అన్నవాళ్లున్నారు. కాపుకి మూడు నాలుగేళ్లు పడుతుందని తెలిసీ రైతులు మళ్లీ మొక్కలు నాటారు. చిన్న వ్యాపారానికీ అంత ఓపిక కావాలి.

అయితే ఓపికొక్కటే చాలదు, లెక్క ఉండాలి. సెలవులకి ఇంటికెళ్తే అమ్మానాన్నల జమాఖర్చు మనమే రాద్దాం. నవ్వినోళ్లకి అదే జవాబు!