మన ఆవరణలో వాన లెక్క

నెల్లూరు తీరవాసులకు వాతావరణం పొద్దుపోక చెప్పుకొనే ముచ్చట కాదు. మనకు ఏటి వర్షంలో సగానికి పైగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాల కాలంలోనే కురుస్తుంది. తుపానుల భయం కూడ ఆ నెలలలోనే అధికం. 1984 నవంబరులో శ్రీహరికోట వద్ద, 1989 నవంబరులో కావలి వద్ద తుపానులు తీరం దాటాయి. 2015, 2021 నవంబరు నెలలలో వచ్చిన వరదలను ఈ జిల్లా ఇంకా మరువలేదు. ఇట్టి చోట చదువుకొనే విద్యార్థికి వానను కొలవడం తెలియకపోవడం లోటే. కనుక మన కళాశాలలో ఒక చిన్న వాతావరణ కేంద్రం నెలకొల్పాలని మేము కోరుతున్నాము. అయితే ఏ పరికరాలు కొంటామన్న దానికంటె, వాటిని ఎక్కడ నిలుపుతామన్నదే ముఖ్యమని మా అభిప్రాయం.

పరికరాలను డాబాపై ఉంచితే భద్రంగా ఉంటాయని, వచ్చినవారికి కనబడతాయని కొందరంటారు. కాని ఎండకు కాగిన సిమెంటు ఉష్ణమాపకాన్ని మోసగిస్తుంది. గోడను తాకి పైకెగసే గాలి చినుకులను వర్షమాపకంలో పడనీయక అవతలికి తోసివేస్తుంది. తప్పు లెక్క కంటె లెక్క లేకపోవడమే మేలు.

ఉండవలసిన తీరు కష్టమైనది కాదు. వర్షమాపకం చుట్టుపక్కల గోడకైనా, చెట్టుకైనా దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో ఉండాలి. భవనం 25 అడుగుల ఎత్తయితే 50 అడుగుల ఎడం కావాలి. ఉష్ణమాపకాలను గాలి ఆడే తెల్లని చెక్కపెట్టెలో, నేలకు సుమారు 4 అడుగుల ఎత్తున ఉంచాలి. తలుపు తెరిచినప్పుడు ఎండ లోపల పడకుండ అది ఉత్తరముఖంగా ఉండాలి. గాలివేగం కొలిచే పరికరానికి 10 మీటర్ల స్తంభం ప్రమాణం. ఉప్పుగాలి ఇనుమును త్వరలోనే తినివేస్తుంది గనుక తుప్పు పట్టని సామగ్రినే ఎన్నుకోవాలి.

శ్రీహరికోటలో డాప్లర్ రాడార్ ఉండగా, చేతిలోని ఫోను క్షణంలో అంతా చెప్పుచుండగా మనకీ శ్రమ ఎందుకని అడుగువారున్నారు. రాడార్ మేఘంలోని వానను దూరం నుండి అంచనా కడుతుంది. ఫోనులో కనబడే అంకె చాలసార్లు గణించినదే గాని మన నేలపై కొలిచినది కాదు. మైపాడులో కుండపోతగా కురిసిన నాడు నెల్లూరులో చినుకైనా రాలకపోవచ్చు. 100 మిల్లీమీటర్ల వాన అంటే ఒక ఎకరంపై 4 లక్షల లీటర్లకు పైగా నీరు. వరి రైతుకు, రొయ్యల గుంట యజమానికి ఆ తేడా బ్రతుకుతెరువుతో ముడిపడినది.

ఇక పుస్తకం సంగతి. ప్రతి ఉదయం 8.30 గంటలకు వాన కొలిచి వ్రాయడం మన దేశపు పద్ధతి. తుపాను వచ్చిందంటే కళాశాలకు సెలవు. లెక్క అత్యవసరమైనది ఆనాడే. కనుక ఈ బాధ్యతను వసతిగృహ విద్యార్థులకు వంతులవారీగా అప్పగించాలి. గాలివానలో ఎవరూ బయటికి పోరాదు. ఆ ఉదయపు గడిని ఖాళీగా విడిచి, తెరపి ఇచ్చాక మొత్తం కొలిచి, అది ఎన్ని రోజుల వానయో స్పష్టంగా వ్రాయాలి. ఊహించి నింపిన ఒక్క అంకె పుస్తకమంతటినీ అనుమానానికి గురిచేస్తుంది.

తీరగ్రామాల నుండి వచ్చే విద్యార్థులు అడుగు, మూతి ఒకే వెడల్పు గల నిలువు పాత్రను ఇంటి ముందటి ఖాళీస్థలంలో కదలకుండ నిలిపి, అందులోని నీటిని స్కేలుతో కొలిచినా చాలు. ఆ అంకెలను కళాశాల లెక్కతో పోల్చి చూస్తే ఏ ఊరిలో ఎంత కురిసినదో మనకే తెలియగలదు.

కార్యవర్గం వారికి మా మనవి ఇంతే. డాబా వద్దు, ఆటస్థలంలో ఒక మూల ఇప్పించండి. ఆ మూలలో గది కట్టబోమని, చెట్టు నాటబోమని తీర్మానించండి. పుస్తకాన్ని పదికాలాలు నడిపే పూచీ విద్యార్థులది.