ఎవరి పిచ్చి వారికానందమేనా?

నాకు ఏడో నెంబరంటే ఇష్టం. ఎందుకంటే చెప్పలేను. రైల్లో స్లీపరు పెట్టెలో ఏడో బెర్తు వస్తే, అది నడవ పక్కదే అయినా, కాళ్లు చాపితే వచ్చేపోయేవాళ్లంతా తగిలి పోతున్నా సరే, ప్రయాణం సుఖంగా జరుగుతుందని ఓ ధీమా.

ఈ మాట ఓసారి ఇంట్లో నోరు జారాను. మావారు పేపరు దించి, "బీయే చదివి, నవలలు రాస్తూ, ఇదేం మూఢనమ్మకం?" అన్నారు. ఆ మనిషే కారు కొన్నప్పుడు, నెంబరు కూడితే తొమ్మిది రావాలని రవాణా కార్యాలయం చుట్టూ నాలుగుసార్లు తిరిగారు! 2024లో ఖైరతాబాదు రవాణా కార్యాలయంలో 9999 నెంబరు 25 లక్షల రూపాయలకు పైగా పలికిందని చదివి, "అబ్బ!" అన్నారే తప్ప, మూఢనమ్మకం ఊసెత్తలేదు. ఆడది ముచ్చటపడితే చాదస్తమూ, మగవాడు ముచ్చటపడితే ఫాన్సీ నెంబరూనా?

నా రెండో పిచ్చి మాయలూ మంత్రాలూ ఉన్న నవలలు. మా అమ్మ బైండు చేయించి దాచిన చందమామల్లో దాసరి సుబ్రహ్మణ్యంగారి 'తోకచుక్క', 'రాకాసిలోయ' చదువుతూ పెరిగిన ప్రాణం ఇది. "ఇంకా ఆ పిల్లకథలేమిటండీ, పలాయనం కాకపోతే!" అంటారు సాహిత్యం తెలిసినవారు. 1952 నుంచి 1980లో పోయేదాకా ఆ చందమామ పని చూసిన కొడవటిగంటి కుటుంబరావుగారు సాక్షాత్తూ హేతువాది. సినిమాల మీద నిక్కచ్చిగా వ్యాసాలు రాసినదీ ఆయనే. మరి ఆయనా పారిపోయినట్టేనా?

సినిమా సమీక్షలంటారా, వదలకుండా చదువుతాను. ఒళ్లు మండించుకోవడానికే అనుకోండి! ఉదయం బొమ్మ పడితే మధ్యాహ్నానికల్లా "రెండూ ముప్పావు" అని తీర్పు. ఆ ముప్పావులో చివరి పావు కథకా, మొహమాటానికా? చివర్లో "మహిళలకు నచ్చవచ్చు" అని ఓ మాట, రోగికి పథ్యం చెప్పినట్టు. ఎందుకు నచ్చుతుందో మమ్మల్నెవరూ అడగరు. నా ఏడుకు కారణం లేదని నవ్వేవాళ్లు, ఈ ముప్పావుకు కారణం చెప్పమనండి చూద్దాం.

అయితే ఎవరి పిచ్చి వారికానందం అని ఊరుకోవచ్చా? ఊరుకోబట్టే ఒక తప్పు చేశాను.

మా బంధువుల్లో ఓ పిల్లకి కుదిరిన సంబంధం తాంబూలాల దాకా వచ్చి ఆగిపోయింది. పుట్టినతేదీ అంకెలు కూడితే ఎనిమిది వచ్చిందట, అది శని అంకెట! పిల్ల చదువూ, ఉద్యోగం, నెమ్మదీ ఏవీ ఆ కూడికలోకి రాలేదు. గుమ్మం పక్కన తల వంచుకు నిలబడ్డ ఆ పిల్లని చూస్తూ కూడా, నా ఏడు గుర్తొచ్చి నోరు మెదపలేకపోయాను. నాకేం హక్కుందిలే అనుకున్నాను.

తర్వాత ఆలోచిస్తే తెలిసింది. మాంత్రికుడు చివరి పుటలో చస్తాడు, నేను పుస్తకం మూసి పప్పులో పోపు పెట్టుకుంటాను. సమీక్షకుడి పావు నా టిక్కెట్టు డబ్బుల దాకానే. నా ఏడు నా బెర్తు దాకానే. వాళ్ల ఎనిమిది మాత్రం ఇంకొకరి బతుకు మీద ఎక్కి కూర్చుంది. అక్కడితో అది అభిరుచి కాకుండా పోయింది. ఈ తేడా తెలిశాక సిగ్గుపడాల్సింది నా ఏడుకు కాదు, నా మౌనానికి.

ఈసారి ఎవరైనా పెళ్లిచూపుల్లో వేళ్ల మీద లెక్కలు మొదలెడితే, లేచి నాలుగు మాటలు అడిగేస్తాను. ఆ రోజు తేదీ ఏడు కాకపోయినా సరే!